స్పైన్ ట్రామా ప్రశ్నలో ముందు పల్స్ చూడండి

నీట్ పీజీకి (ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీటు కోసం రాసే ఎంట్రన్స్) చదివేవాళ్లు స్పైనల్ కార్డ్ (వెన్నుపాము) అనగానే దాని దెబ్బల రకాలు, అంటే సిండ్రోమ్‌ల టేబుల్ ముందేసుకుని కూర్చుంటారు. బెంగళూరులో ఇంటర్న్‌షిప్ చేస్తూ చదివిన నాకు మాత్రం ఈ టాపిక్ క్యాజువాలిటీలోనే ఎక్కింది. రాయలసీమ నుంచి పనికొచ్చిన పేషెంటుకి కన్నడ రాకపోతే, "తెలుగు డాక్టర్ని పిలవండి" అని నన్నే పిలిచేవారు.

ఓసారి సెంట్రింగ్ మీది నుంచి పడిన అన్నని తెచ్చారు. మెడకి కాలర్. "అన్నా, ఇక్కడ గుచ్చితే తెలుస్తాందా?" అంటూ ఛాతీ నుంచి కిందికి వస్తుంటే, బొడ్డు దాకా "ఆ, తెలుస్తాంది" అన్నాడు. ఆ కింద ఉలుకూ పలుకూ లేదు. బొడ్డంటే టీ10, అంటే ఛాతీ భాగం వెన్నులో పదో నరం స్థాయి. బీపీ 80, పల్స్ 130. కాళ్లు కదలట్లేదు కదా, న్యూరోజెనిక్ షాక్ (కార్డ్ దెబ్బ వల్ల బీపీ పడిపోవడం) అని రాసేయొచ్చా? కుదరదు. అది సాధారణంగా టీ6కి పైన కార్డ్ దెబ్బతింటేనే వస్తుంది. రక్తనాళాల్ని బిగించి, గుండెని వేగంగా కొట్టించే నరాల పట్టు, అంటే సింపథెటిక్ టోన్, పోయి రక్తనాళాలు వదులవుతాయి, పల్స్ నెమ్మదిస్తుంది, ఒళ్లు వెచ్చగా, పొడిగా ఉంటుంది. ఈయన చేతులేమో చల్లగా, చెమటతో తడిగా ఉన్నాయి. అంటే రక్తం ఎక్కడో పోతోంది. చివరికి పెల్విస్ విరిగిందని తేలింది. అక్కడ స్పర్శే లేనప్పుడు నొప్పని ఆయన మాత్రం ఎలా చెబుతాడు? ట్రామాలో బీపీ పడితే, కాదని తేలేదాకా బ్లీడింగే అనుకోవాలి. బీపీ 80 ఉన్న పేషెంటుని ఎంఆర్‌ఐకి పంపే ఆప్షన్ జోలికి పోకండి.

స్పైనల్ షాక్, అంటే కార్డ్‌కి దెబ్బ తగిలిన కొత్తలో ఆ కింది రిఫ్లెక్స్‌లు కొంతకాలం పోవడం, వేరే సంగతి. అందులో చూడాల్సింది రిఫ్లెక్స్‌లు, బీపీ కాదు. బల్బోకావర్నోసస్ రిఫ్లెక్స్ (జననాంగాన్ని నొక్కితే మలద్వారం బిగుసుకోవడం) తిరిగొచ్చేదాకా 'కంప్లీట్', అంటే స్పర్శా కదలికా పూర్తిగా పోయాయి, అని ముద్ర వేయకూడదు. మలద్వారం చుట్టూ కాస్త స్పర్శ మిగిలినా అది ఇన్‌కంప్లీటే. పెద్ద డ్యూటీల్లో అందరూ వదిలేసే పరీక్ష ఇదే, పేపర్ సెట్ చేసేవాళ్లకి ఇష్టమైనదీ ఇదే.

సిండ్రోమ్‌లకి ప్రశ్న మొదటి లైనే చాలు. పెద్దాయన బోర్లా పడి గడ్డానికి దెబ్బ, కాళ్లకంటే చేతులు బలహీనం అంటే సెంట్రల్ కార్డ్ (వెన్నుపాము మధ్యభాగానికి దెబ్బ). వీపులో కత్తిపోటు అంటే బ్రౌన్ సెకార్డ్ (వెన్నుపాములో ఒక పక్క సగానికే దెబ్బ). డెర్మటోమ్‌లు (ఒక్కో నరం స్పర్శ అందుకునే చర్మం పట్టీలు) మెట్రోలో నిలబడి నా ఒంటి మీదే లెక్కపెట్టుకునేదాన్ని: చేతి బొటనవేలు సీ6 (మెడలో ఆరో నరం), మధ్యవేలు సీ7, చనుమొన టీ4. పక్కన నిలబడ్డ ఆంటీలు వింతగా చూసేవాళ్లు, చూడనీయండి.

నీట్ పీజీలో సెక్షన్‌కి 42 నిమిషాల్లో 40 ప్రశ్నలు, టైమ్ అయ్యాక వెనక్కి వెళ్లే వీల్లేదు. అందుకే ఎలా పడ్డారు, పల్స్ ఎంత అన్నవి చూశాకే ఆప్షన్లకి వెళ్లేదాన్ని. పాత క్వశ్చన్ బ్యాంకుల్లో మిథైల్‌ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇంకా సరైన జవాబుగా కనిపిస్తుంటుంది. ఇప్పుడు దాన్ని రొటీన్‌గా ఇవ్వమని ఏటీఎల్ఎస్ (ట్రామా చికిత్స మీద డాక్టర్లకిచ్చే శిక్షణ కోర్సు) చెప్పట్లేదు, అలాంటివి కొట్టేసుకోండి.