పామా, గుర్రమా: నా ఎముకల బరువు తేల్చిన కథ

నేను పుట్టింది 1990 జనవరి 26 రాత్రి పదకొండున్నరకి, కాకినాడలో. జాతకం కాగితంలో శుక్ల నామ సంవత్సరం, పుష్య బహుళ అమావాస్య అని ఉంటుంది. మా వైపు దాన్ని చొల్లంగి అమావాస్య అంటారు. అమావాస్య పుట్టుక కదా అని పురిట్లోనే శాంతి చేయించేశారు. సింగపూర్ వచ్చి స్థిరపడ్డాక ఆ పుట్టినరోజు మళ్లీ పంచాయితీకి వచ్చింది.

చైనా వాళ్లకి ఒక్కో ఏడుకి ఒక్కో జంతువు పేరు, అలా పన్నెండు వరసగా తిరుగుతాయి. 2026 ఫిబ్రవరి 17 నుంచి గుర్రం సంవత్సరం. ఎవరి జంతువు ఏడు వాళ్లకి వస్తే తాయ్ సుయ్ అనే దేవుడితో తగువు పెట్టుకున్నట్టేనని, గుడిలో పూజ చేయించుకోవాలని నమ్మకం. పక్క ఫ్లాట్ ఆంటీ నా పుట్టిన సంవత్సరం విని, "నువ్వు పామా, గుర్రమా?" అని అడిగింది. చెప్పలేకపోయాను. వంటగదిలో కొక్కేనికి వేలాడుతున్న ఎర్ర అట్ట పంచాంగం దింపి, పనిలో పనిగా నా ఎముకల బరువు కూడా చూసేద్దామంది.

తూకమంటే ఒళ్లు తూచేదేం లేదు. పుట్టిన సంవత్సరానికి, నెలకి, రోజుకి, గంటకి పట్టికలో తలా ఒక బరువు రాసి ఉంటుంది. నాలుగూ కూడితే లియాంగ్, చియెన్ లెక్కలో మొత్తం వస్తుంది, పది చియెన్లు ఒక లియాంగ్. ఎంత బరువైతే అంత అదృష్టం. ఒక్కో మొత్తానికి నాలుగు పాదాల పద్యం, అదే ఫలితం. ఇదంతా తాంగ్ రాజుల కాలపు యువాన్ తియెన్‌గాంగ్ అనే జ్యోతిష్కుడి పేరు మీద చెలామణి అవుతోంది. మగపిల్లాడి బట్టలు వేసిన పసిపాపను చూసి, ఇది ఆడపిల్లైతే రాజ్యమేలుతుందని ఆయన అన్నాడట. ఆ పాపే తర్వాత చక్రవర్తిని వూ జెథియెన్ అయిందని కథ.

కూడిక రెండు నిమిషాల పని. అసలు తిప్పలంతా తేదీ మార్చుకోవడంలోనే. వాళ్ల నెల కూడా మనలాగే అమావాస్యతో ముగుస్తుంది కాబట్టి, నేను పుట్టింది పన్నెండో నెల 30వ రోజు అని పట్టుకోవడం కష్టం కాలేదు. తెల్లారితే వాళ్ల కొత్త సంవత్సరం. 26వ తేదీ లెక్కన నేను పాము: సంవత్సరం 5 చియెన్లు, నెల 5, రోజు 6, గంట 16. మొత్తం 3 లియాంగ్‌ల 2 చియెన్లు. మొదట్లో పనులు సాగవు, నడివయసుకి డబ్బూ పేరూ కలిసొస్తాయి అని పద్యం. ఆంటీ సంతృప్తిగా పుస్తకం మూసింది.

నాకే అనుమానం తీరలేదు. వాళ్లకి రోజుకి పన్నెండు గంటలే, ఒక్కోటి మన రెండు గంటలంత. మొదటిది ఎలుక గంట, రాత్రి పదకొండుకే మొదలు. అంటే పదకొండున్నరకి పుట్టినవాడు మర్నాటి లెక్కలోకి వెళ్లిపోడా? ఆ లెక్కన నేను గుర్రం ఏడు, మొదటి నెల, మొదటి రోజు: 9, 6, 5, 16. మొత్తం 3 లియాంగ్‌ల 6. శ్రమ లేకుండా జీవితం గడిచిపోతుంది, ఎటు వెళ్లినా జయమే అంటుంది ఆ పద్యం. తెల్లవారుజామున మూడింటికి సపోర్ట్ కాల్ ఎత్తే నాకు! పోనీ బీజింగ్ టైమ్‌లోకి మారుద్దామంటే అక్కడ అప్పుడు రాత్రి రెండు. ఎద్దు గంటకి 6 చియెన్లే. మొత్తం 2 లియాంగ్‌ల 6కి పడిపోయాను: కష్టపడితే గానీ కూడు లేదు, పుట్టిన ఊరు త్వరగా వదిలెయ్యి అని. నిజం చెప్పాలంటే ఈ మూడింట్లో నాకు అతికింది ఇదే.

ఇక్కడి వాటర్లూ స్ట్రీట్‌లో క్వాన్ ఇమ్ అనే చైనా వాళ్ల దేవత గుడి, మన శ్రీకృష్ణుడి గుడి పక్కపక్కనే ఉంటాయి. చైనా వాళ్లు కృష్ణుడి గుమ్మం ముందు కూడా అగరొత్తులు వెలిగిస్తారు. దర్శనం చేసుకుని బయటికొచ్చి, వీధిలో బల్ల వేసుకున్న ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన బీజింగ్ మాట ఎత్తనివ్వలేదు, పుట్టిన ఊరి పొద్దే లెక్క అన్నాడు. మన దేశపు టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడకి దగ్గరగానే పోతుంది కాబట్టి మన గడియారానికీ అక్కడి పొద్దుకీ పెద్ద తేడా రాదు, అదొక నిశ్చింత. పదకొండు దాటితే మర్నాడే, నువ్వు గుర్రానివి అని తేల్చేశాడు. అర్ధరాత్రి దాకా పాత రోజే అనేవాళ్లూ ఉన్నారని ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకో మెలిక కూడా చెప్పాడు: ఏడు, నెల, రోజు, గంటలను బట్టి చెప్పే వాళ్ల నాలుగు స్తంభాల జాతకంలో ఏడు మారేది ఫిబ్రవరి 4 ప్రాంతంలోనట. అందులో ఎలా చూసినా నేను పామే.

తిరిగొచ్చి చెబితే ఆంటీ తన లెక్క మార్చుకోలేదు. "గుర్రమైతే పూజ పనికొస్తుంది, పామైతే పోయేదేముంది, చేయించెయ్" అంది. చేయించాను. అంతమాత్రాన ఈ తూకం మీద నమ్మకం కుదిరిందని కాదు. 21 చియెన్ల నుంచి 71 దాకా మొత్తం 51 ఫలితాలే, ప్రపంచంలో అందరూ వాటిలోనే సర్దుకోవాలి. మూడో నెలకి 18 చియెన్లు, ఐదో నెలకి 5 ఎందుకో ఆ పట్టికలో కారణం ఉండదు. మన జాతకంలో కనీసం ఏ గ్రహం ఎక్కడుందో చూసి వాదించుకోవచ్చు.

ఇప్పుడు మా ఆవిడ వంతు. తన బర్త్ సర్టిఫికెట్‌లో టైమ్ లేదు. మా అత్తగారికి ఫోన్ చేస్తే, "దీపాలు పెట్టే వేళ బాబూ, నిమిషాలెవరు చూశారు?" అన్నారు. ఈ పద్ధతికి ఆ మాట చాలు, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా అంతా కోడి గంటే, 9 చియెన్లు. ఆడవాళ్లకి వేరే పద్యాలు ఉన్నాయని ఆంటీ ఇంకో పేజీ తీసింది. "మీకంటే ఎక్కువొస్తేనే నాకు చెప్పండి" అని మా ఆవిడ షరతు పెట్టింది.