డీన్ అడిగిన ఒక పేజీ

గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చదివేటప్పుడు ప్రిన్సిపల్ మేడమ్ చెప్పుల చప్పుడు వినపడితే చాలు, లేచి నిలబడేవాళ్ళం. ఇక్కడ డాలస్‌లో నేను పాఠాలు చెప్పే నర్సింగ్ కాలేజీ డీన్‌ని అందరూ పేరు పెట్టే పిలుస్తారు. ఏడాదిన్నర దాకా నా నోట ఆ పేరు రాలేదు. "ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ నెట్టుకొచ్చాను.

ఐసీయూ వదిలి పాఠాలు చెప్పడానికి వస్తే జీతం తగ్గింది. ఇక్కడ అది మామూలే. అమ్మ మాత్రం "పై చదువులు చదివి జీతం తగ్గించుకున్నావా తల్లీ?" అంది.

పోయిన ఏడాది డీన్ పిలిచి, ప్రోగ్రామ్ డైరెక్టర్ రిటైరవుతున్నారు, ఆ పనికి తయారవమంది. తయారవడమంటే డాక్టరేట్ అనుకున్నాను. టెక్సస్‌లో డిగ్రీ నర్సింగ్ ప్రోగ్రామ్ నడిపేవాళ్ళకి అది ఉండాల్సిందే. చేరాను కూడా. అసలు తంటా లెక్కల దగ్గర. ఆసుపత్రి డ్యూటీలకి ఒక్కో టీచరు వెంట 10 మందికి మించి వెళ్ళకూడదని టెక్సస్ నర్సింగ్ బోర్డు నియమం. 48 మందికి ఐదు బ్యాచులు కావాలి, ఆసుపత్రి ఇచ్చింది నాలుగు.

దానికంటే పెద్ద టెన్షన్, నర్సు లైసెన్సు కోసం రాసే పరీక్ష ఎన్‌క్లెక్స్. మొదటిసారి రాసినవాళ్ళలో 80 శాతం పాసవకపోతే బోర్డు కంట్లో పడతాం. పైగా 2023 ఏప్రిల్ నుంచి పరీక్షలో కేసు చదివించి, నర్సుగా ఏం చేస్తావో అడుగుతున్నారు. మీటింగులో ఒకరు, చివరి సెమిస్టర్లో మనమే ఓ పరీక్ష పెట్టి తప్పినవాళ్ళని ఆపేద్దామన్నారు. శాతం నిలబడుతుంది, నిజమే. ఫీజులన్నీ కట్టాక, గడప దాకా వచ్చాక ఆపడమేమిటి? వెనకబడినవాళ్ళు మందుల లెక్కల్లో రెండో సెమిస్టర్లోనే తెలిసిపోతారుగా, అప్పుడే విడిగా చెబితే సరిపోదా!

బల్ల కింద చేతులు చల్లబడ్డాయి. అయినా అనేశాను. ఎవరూ మాట్లాడలేదు. డీన్ ఒక్కటే అంది: "శుక్రవారానికి ఒక పేజీ రాసివ్వు."

ఆ పేజీకి మూడు రాత్రులు పట్టింది. ఆవేశం రెండు లైన్లలో అయిపోయింది. మిగతాదంతా ఎవరు చెబుతారు, ఎన్ని గంటలు, డబ్బెక్కడిది. చదివాక సగానికి ఒప్పుకుంది. శనివారం క్లాసులు ఇచ్చింది, చివరి పరీక్షా ఉంచింది. నాకు ఇంకా మింగుడుపడలేదు.

మొదటి శనివారం ఏడుగురు వచ్చారు. డ్రిప్ లెక్కలతో మొదలుపెట్టాను. గుంటూరులో మా సిస్టర్ చెప్పిన చిట్కా ఒకటుంది: ఒక ఎంఎల్‌కి 60 చుక్కలు పడే మైక్రోడ్రిప్ సెట్‌లో గంటకి ఎన్ని ఎంఎల్ వెళ్ళాలో, నిమిషానికి అన్నే చుక్కలు. ఒకమ్మాయి కాలిక్యులేటర్ పక్కన పెట్టేసి, వేళ్ళ మీద సరిచూసుకుంది.