ఎం అండ్ ఏ లా చదవాలంటే ముందు మన ఊరి డీల్స్ చదవండి

జూనియర్లు ఎవరు కలిసినా అడిగేది ఒకటే, "అన్నా, మెర్జర్స్ అండ్ ఎక్విజిషన్స్‌కి ఏ బుక్ మంచిది?" అంటే ఒక కంపెనీ ఇంకోదాన్ని కొనడం, రెండు కలిసిపోవడం, వాటి లా అన్నమాట. బుక్ ఏదైనా ఓకే గానీ మన హైదరాబాద్ కోఠీలో చవగ్గా దొరికిందని పాత ఎడిషన్ మాత్రం కొనకండి, 2016 డిసెంబర్‌కి ముందుదైతే స్కీమ్ (కంపెనీలు కలపడానికి రాసుకున్న ప్లాన్) అప్రూవల్ అంతా హైకోర్టు దగ్గరే ఉంటుంది, ఆ తర్వాత ఆ పనంతా ఎన్‌సీఎల్‌టీకి (నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్) వెళ్లిపోయింది, ఇంక ఆ చాప్టర్ చదివి ఏం లాభం.

అసలు నా గొడవ బుక్‌తో కాదు, సిలబస్‌తో. ఎక్కడ చూసినా కంపెనీల చట్టం 2013, సెక్షన్ 230 నుంచి 232 అని మొదలుపెడతారు, స్కీమ్ పాసవ్వాలంటే మీటింగ్‌కి వచ్చి ఓటేసిన షేర్‌హోల్డర్లు, అప్పులిచ్చినవాళ్లలో సంఖ్యలో మెజారిటీ, విలువలో నాలుగింట మూడొంతులు అని బట్టీ పట్టిస్తారు, పిల్లలు అది ఎగ్జామ్‌లో దింపేసి వస్తారు. తీరా బయట జరిగే డీల్స్ చూస్తే చాలావాటికి ట్రైబ్యునల్ గడప తొక్కే పనే ఉండదు. షేర్లు కొనేస్తారు, అంతే. లేదంటే స్లంప్ సేల్, అంటే కిరాణా కొట్టుని సరుకు, తక్కెడ, ఖాతా పుస్తకంతో సహా ఒకే రేటుకి ఇచ్చేసినట్టు బిజినెస్ మొత్తాన్ని ఒక్క మొత్తానికి అమ్మేయడం, దేనికెంత అని విడివిడిగా రేటు కట్టరు. ఇవి క్లాసులో ఆఖరి వారంలో హడావిడిగా అయిపోతాయి, ఒక్కోసారి అదీ ఉండదు.

అందుకే నేను చెప్పేది, సెక్షన్ నంబర్లు పక్కన పెట్టి ఒక డీల్‌ని మొదటి నుంచి చివరిదాకా ఫాలో అవ్వండి. హైదరాబాద్‌లో ఉంటూ బయట ఎక్కడో వెతకాల్సిన పని లేదు.

మన ఐటీ కంపెనీ సత్యం తీసుకోండి. అందరికీ ఫ్రాడ్ కథగానే తెలుసు, నాకైతే అది టేకోవర్ లా మొత్తం నేర్పించే కేసు. 2008 డిసెంబర్ 16న మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలని దాదాపు 1.6 బిలియన్ డాలర్లకి కొంటున్నామని బోర్డు అనౌన్స్ చేసింది, అవి ప్రమోటర్ ఫ్యామిలీ వాళ్లవే, ఇన్వెస్టర్లు మండిపడేసరికి గంటల్లోనే వెనక్కి తగ్గారు. 2009 జనవరి 7న దొంగ లెక్కలు ఒప్పుకుంటూ సత్యం చైర్మన్ రామలింగరాజు రాసిన లెటర్‌లో ఉంది, లేని ఆస్తుల ప్లేస్‌లో ఉన్న ఆస్తులు పెట్టడానికి అదే చివరి ప్రయత్నం అని. ఇక్కడ ఆగి ఒక్క ప్రశ్న వేసుకోండి, ఇదే డీల్ ఇవాళ తెస్తే ఏమవుతుంది? ఆ సైజు రిలేటెడ్ పార్టీ డీల్‌కి, అంటే సొంతవాళ్లతో చేసే డీల్‌కి, లిస్టెడ్ కంపెనీ షేర్‌హోల్డర్ల దగ్గరికి వెళ్లాల్సిందే, రిలేటెడ్ పార్టీలు అనుకూలంగా ఓటేయడానికి లేదు.

ఇంక ఆ తర్వాత వచ్చేదే అసలు మజా. గవర్నమెంట్ కొత్త బోర్డు వేసింది, అది కంపెనీని అమ్మాలి, కానీ ఎంతకి? అప్పట్లో ఉన్న 1997 టేకోవర్ రెగ్యులేషన్స్ ప్రకారం ఓపెన్ ఆఫర్ (కంపెనీని చేజిక్కించుకునేవాడు మామూలు షేర్‌హోల్డర్ల షేర్లు కూడా కొంటానని ఇవ్వాల్సిన ఆఫర్) కనీస ధర లెక్కకి గత 26 వారాల మార్కెట్ రేట్ల సగటు కూడా చూడాలి, ఆ రేట్లన్నీ దొంగ లెక్కల మీద నడిచినవి, లెటర్ వచ్చిన ఒక్క రోజులోనే షేరు నాలుగింట మూడొంతులకి పైగా పడిపోయింది, ఆ సగటు రేటుకి కొనే పిచ్చోడు ఎవడుంటాడు. దాంతో స్టాక్ మార్కెట్ రెగ్యులేటర్ సెబీ 2009 ఫిబ్రవరిలో రెగ్యులేషన్ 29ఏ తెచ్చింది, గవర్నమెంట్ వేసిన బోర్డు పోటీ బిడ్లు పిలిచి అమ్మితే కొన్ని రూల్స్ నుంచి సడలింపు ఇవ్వొచ్చని. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలతో గెలిచింది, ఎల్ అండ్ టీ 45.90 దగ్గర ఆగిపోయింది. తమాషా ఏంటంటే ఓపెన్ ఆఫర్ టైమ్‌కి మార్కెట్ రేటు 58 దాటేసింది, ఇంక ఎవరిస్తారు షేర్లు? దాదాపు ఎవరూ ఇవ్వలేదు, టెక్ మహీంద్రా కంపెనీ నుంచే ఇంకొన్ని కొత్త షేర్లు తీసుకుంది. ఇంకో ముక్క, గవర్నమెంట్ ఆ సత్యం బోర్డులో వేసిన సి. అచ్యుతన్ గారే తర్వాత టేకోవర్ రూల్స్ మార్చే కమిటీకి చైర్మన్ అయ్యారు. కమిటీ 100% ఓపెన్ ఆఫర్ పెట్టమంది, సెబీ 2011లో 26% దగ్గర ఆపేసింది, ట్రిగ్గర్, అంటే ఎంత వాటా చేరితే ఓపెన్ ఆఫర్ ఇవ్వాలో ఆ గీత, 15% నుంచి 25%కి పెంచింది. 25కి 26 కలిపితే 51, అంటే కంపెనీలో మెజారిటీ, ఆ 26 ఎందుకో ఇంక బట్టీ పట్టక్కర్లేదు.

మెర్జర్ మాత్రం 2013లో గానీ పూర్తవ్వలేదు. 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లు. ఒక కంపెనీ ముంబైది, ఇంకోటి ఇక్కడిది కాబట్టి రెండు హైకోర్టులూ ఓకే అనాలి, మధ్యలో సత్యంకి 1,230 కోట్లు ఇచ్చాం అంటూ 37 కంపెనీలు అడ్డం పడ్డాయి. మీ సెక్షన్ 230 చెప్పే పని, అప్పట్లో పాత 1956 చట్టం సెక్షన్ 391 నుంచి 394 కింద, ఇదిగో ఇక్కడొస్తుంది, కథలో ఆఖరి అంకంగా.

ఫారిన్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్‌కి గ్లాండ్ ఫార్మా చాలు. చైనా కంపెనీ ఫోసన్ 2016లో దాదాపు 86% కొంటామని సంతకం పెట్టింది. నడుస్తున్న ఫార్మా కంపెనీలో 74% వరకే ఆటోమేటిక్ రూట్, అది దాటితే గవర్నమెంట్ పర్మిషన్. ఏడాది దాటినా ఆ పర్మిషన్ రాలేదు, 2017 సెప్టెంబర్‌లో డీల్‌ని సరిగ్గా 74%కి కుదించారు, దాదాపు 1.09 బిలియన్ డాలర్లకి. ఒక్క రూలు డీల్ సైజునే ఎట్ల కోసేసిందో చూడండి.

ట్యాక్స్ అంటే భయపడి వదిలేస్తారు చాలామంది, నా లెక్కలో డీల్ ఏ రూపంలో ఉండాలో చివరికి తేల్చేది అదే. శాంతా బయోటెక్నిక్స్‌ని సనోఫీ 2009లో కొంది, నేరుగా కాదు, శాంతా షేర్లున్న ఫ్రెంచ్ కంపెనీని ఫ్రాన్స్‌లో కొంది. మన ట్యాక్స్ డిపార్ట్‌మెంట్ ఊరుకోలేదు. ఇలాగే విదేశంలో కంపెనీ కొనుక్కున్న వొడాఫోన్ కేసులో 2012 జనవరిలో సుప్రీంకోర్టు కంపెనీ వైపు తీర్పిచ్చాక గవర్నమెంట్ ఆ ఏడాదే పాత తేదీతో చట్టం మార్చింది కదా, అయినా 2013 ఫిబ్రవరిలో మన హైకోర్టు ఫ్రాన్స్‌తో ఉన్న ట్యాక్స్ ట్రీటీ ప్రకారం ఈ లాభం మీద ట్యాక్స్ వేసే హక్కు ఫ్రాన్స్‌దే అని చెప్పింది. వొడాఫోన్ తీర్పు, ఇది పక్కపక్కన పెట్టుకుని చదవండి, రెండు వీకెండ్లు పోయినా పర్లేదు.

కాంపిటీషన్ లా కొత్త నోట్సే చదవాలి. 2024 సెప్టెంబర్ నుంచి 2,000 కోట్లు దాటిన డీల్, టార్గెట్‌కి ఇండియాలో చెప్పుకోదగ్గ బిజినెస్ ఉంటే, కాంపిటీషన్ కమిషన్‌కి చెప్పాల్సిందే. కమిషన్ తేల్చాల్సిన గడువు కూడా 210 రోజుల నుంచి 150కి తగ్గింది.

ఇక ఖాళీ దొరికితే ఎన్‌సీఎల్‌టీకి వెళ్లండి, కార్పొరేట్ భవన్, బండ్లగూడ. రాయదుర్గం నుంచి మెట్రోలో ఈ చివర నుంచి ఆ చివర నాగోల్ దాకా, అక్కణ్నుంచి ఆటో. ముందురోజు కాజ్ లిస్ట్‌లో (విచారణకొచ్చే కేసుల జాబితా) స్కీమ్ పిటిషన్ ఏదైనా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రోజంతా దివాలా కేసులే వినాల్సి వస్తుంది. లిస్టెడ్ కంపెనీ స్కీమ్ అయితే డాక్యుమెంట్ స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది, వెళ్లేలోపు అందులో అపాయింటెడ్ డేట్ (లెక్కల్లో కలిసినట్టు చూపే తేదీ) ఎప్పుడు, ఎఫెక్టివ్ డేట్ (స్కీమ్ నిజంగా అమల్లోకొచ్చే తేదీ) ఎప్పుడు, ఉద్యోగుల క్లాజ్‌లో ఏం రాశారు, ఈ మూడూ చూసి వెళ్లండి, ట్రైబ్యునల్ అడిగే ప్రశ్నల్లో సగం అక్కడి నుంచే.