పర్లాకిమిడిలో నా మొదటి డాస్ ఫ్లాపీ

1991 వానాకాలం సంగతి ఇది, మా పర్లాకిమిడి అప్పటికింకా గంజాం జిల్లాలోనే ఉంది, నౌపడా నుంచి గుణుపూర్ పోయే చిన్న రైలు తిరిగే రోజులు. నేను కంప్యూటర్ నేర్చుకునే చోట ఒకటే ఎక్స్‌టీ అనే పాతకాలపు పీసీ, హార్డ్ డిస్క్ లేదు, రెండు ఫ్లాపీ డ్రైవ్‌లు, మెషీన్‌ని నడిపించే డాస్ 3.3 అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న ఫ్లాపీ ఒక్కటే అందరికీ. అది పాడైతే మా క్లాసే ఆగిపోతుందని భయమేసి సొంతంగా 360 కేబీ ఫ్లాపీ ఒకటి కొని, బి డ్రైవ్‌లో పెట్టి ఫార్మాట్ చేసి, ఏ డ్రైవ్‌లో ఉన్న డాస్ ఫ్లాపీలోంచి ఫైళ్ళన్నీ కాపీ కొట్టేశాను. దాన్ని ఏ లో పెట్టి, గడియ తిప్పి, స్విచ్ వేశా. మెమరీ లెక్క 640 దాకా వెళ్ళింది, బీప్ వచ్చింది, ఎర్ర లైటు వెలిగింది, డ్రైవ్ గరగరమంది, ఆ తర్వాత నాన్-సిస్టమ్ డిస్క్ అని వచ్చి ఆగిపోయింది. నాలుగుసార్లు చేశా, అదే మాట.

సాయంత్రం మాస్టారు చూసి, "డిర్ కొడితే అన్నీ కనపడిపోతాయేటి బాబూ, దాక్కున్నవి రెండున్నాయి" అన్నారు, డిర్ అంటే ఫైళ్ళ జాబితా చూపించే కమాండ్. ఐఓ.సిస్, ఎంఎస్‌డాస్.సిస్ అవి. కాగితం మీద గీసి చూపించారు, కరెంటు రాగానే 8088 ప్రాసెసర్ చిప్ రోమ్‌లోని, అంటే కరెంటు పోయినా చెరిగిపోని మెమరీలోని, బయాస్ అనే మొదటి ప్రోగ్రామ్ దగ్గర మొదలెడుతుంది, అది మెమరీ చూసుకుని ఫ్లాపీలో మొట్టమొదటి సెక్టార్, 512 బైట్లే, చదివి పని దానికి అప్పగిస్తుంది. ఆ చిన్న ప్రోగ్రామ్‌కి ఫైళ్ళు వెతికే ఓపిక లేదు, చోటూ లేదు, డైరెక్టరీలో మొదటి రెండు ఎంట్రీలు ఆ రెండు పేర్లేనా అని చూస్తుంది, కాకపోతే నాకొచ్చిన ఆ మెసేజే. అవి ఎక్కాక సెట్టింగులుండే కాన్ఫిగ్.సిస్ ఉంటే చదివి, మనం కొట్టే కమాండ్లని అందుకునే కమాండ్.కామ్‌ని తెస్తాయి. నేను కాపీ చేసింది ఆ ఆఖరిదాన్నే, ముందు రావాల్సినవాళ్ళెవరూ లేరు! నాకైతే ఒళ్ళు జలదరించింది, ఇంత పెద్ద మెషీన్ లేచేది ఒకరి చేతిలోంచి ఒకరికి అందుకునే పనన్నమాట.

మళ్ళీ ఫార్మాట్ కొట్టా, ఈసారి బి పక్కన స్లాష్ ఎస్ పెట్టి, అలా పెడితే దాక్కున్న ఆ ఫైళ్ళు కూడా ఫ్లాపీలోకి వస్తాయి. ఫ్లాపీ మార్చి స్విచ్ వేస్తే గరగర ఇంకాస్త ఎక్కువసేపు సాగింది, నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నా. తెర మీద మంగళవారం, 1-01-1980 అని చూపించి అసలు తేదీ అడిగింది, మొదలవగానే తనంతట తానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైలు లేదుగా మరి, అది లేకపోతే డాస్ తేదీ అడుగుతుంది. ఆ రోజు తేదీ నేనే కొట్టి ఎంటర్ నొక్కాను.