మబ్బుల కనుమ మీద నాన్న

నాన్న ఆంధ్రా యూనివర్సిటీలో చదివే రోజుల్లో హాస్టల్ గోడ మీద వియత్నాం కమ్యూనిస్టు నాయకుడు హో చి మిన్ పేరు రాసి వార్డెన్ చేత తిట్లు తిన్నాడట. ఈ కథ నేను పుట్టిన దగ్గర్నుంచీ వింటున్నాను. ఒకసారి తారుతో రాశానంటాడు, ఒకసారి జాజుతో అంటాడు. డెబ్బై నాలుగేళ్లొచ్చినా మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి కదా అని మార్చిలో వియత్నాం బయల్దేరదీశాను. అమ్మ రానంది. "యుద్ధం చూడ్డానికి అంత దూరం ఎందుకు, మీ ఇద్దరూ ఇంట్లోనే చేస్తారు కదా" అంది.

కారు నేనే నడుపుదామనుకున్నాను. కుదరదు. మన ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్ 1949 నాటి ఒప్పందం కిందది, వియత్నాం ఒప్పుకునేది 1968 నాటిది. "పర్లేదు, తీసుకెళ్లండి" అనే అద్దె బండ్లవాళ్లు ఉంటారు. రేపేదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ఆ మాట అనరు. అందుకే హ్యూ నగరంలో డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం.

డ్రైవర్‌కి యాభై దాటి ఉంటాయి. నాన్నని చూడగానే "బాక్" అన్నాడు. వాళ్లూ మనలాగే వయసు చూసి వరస కలుపుతారు. బాక్ అంటే తండ్రికన్నా పెద్దవాడు, పెదనాన్న లాంటివాడు. దేశమంతా హో చి మిన్‌ని పిలిచేదీ "బాక్ హో" అనే. ఆ సంగతి తెలిశాక మా నాన్న సీట్లో రెండంగుళాలు పెరిగాడు.

మొదటి రోజు ఉత్తరానికి. ముందు హ్యూ వాళ్ల ఉప్పు కాఫీ తాగాం. నాన్న ముఖం చిట్లించి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి చెప్పమన్నాడు. ఒకటో నంబరు హైవే మీద క్వాంగ్ చి దాటేదాకా వరి చేలు, చేల మధ్య సమాధులు, మళ్లీ చేలు. గోదావరి జిల్లాలో పోతున్నట్టే ఉంటుంది, సైనికుల శ్మశానాల తెల్లటి వరసలు కనపడనంతసేపు.

సుమారు తొంభై కిలోమీటర్ల తర్వాత హియెన్ లువాంగ్ వంతెన. కింద బెన్ హై నది. 1954లో జెనీవా ఒప్పందంతో దేశాన్ని రెండు చేసిన గీత ఈ నది మీదుగానే పోయింది. రెండేళ్లలో ఎన్నికలు పెట్టి కలిపేస్తామన్నారు. ఆ ఎన్నికలు జరగనే లేదు. ఒప్పందం అమలు చూడ్డానికి వేసిన అంతర్జాతీయ సంఘానికి అధ్యక్షత మనదే, పక్కన కెనడా, పోలండ్. నాన్నకిది తెలుసు, నాకు తెలియదు. దారి పొడుగునా ఇదే పాఠం.

ఇప్పుడున్న వంతెన మళ్లీ కట్టింది. అసలుది 1967లో అమెరికా బాంబులకు కూలిపోయింది. 178 మీటర్లు, సగం నీలం, సగం పసుపు, మధ్యలో తెల్ల గీత. అప్పట్లో దక్షిణం వాళ్లు తమ సగానికి ఒక రంగు వేస్తే, వంతెనంతా ఒకటేనని చూపించడానికి ఉత్తరం వాళ్లు తమ సగానికీ అదే వేసేవారట. దక్షిణం వాళ్లు వెంటనే రంగు మార్చేవారు. ఉత్తరం వాళ్లు మళ్లీ డబ్బాలు తెచ్చేవారు. జెండా కర్రల దగ్గరా ఇదే గోల, ఎవరిది ఎత్తని. ఒడ్డున మైకులు పెట్టి ఒకళ్ల మీద ఒకళ్లు అరుచుకోవడం సరేసరి.

"ఏటే, బ్రిడ్జికి సున్నం కొట్టడానికి కొట్టుకున్నారా?" అన్నాడు నాన్న. వాటా గోడ రంగు గురించి బాబాయితో పదేళ్లు మాట్లాడని మనిషి! నేనేమీ అనలేదు.

అక్కణ్నుంచి నది సముద్రంలో కలిసే కువా తుంగ్ మీదుగా విన్ మోక్ వెళ్లాం. ఒక పక్క మిరియాల తోటలు, ఎర్రమట్టి, ఇంకో పక్క సముద్రం. మా భీమిలి రోడ్డు గుర్తొచ్చింది గానీ ఇక్కడ జనం లేరు. విన్ మోక్ జాలర్ల పల్లె. బాంబులు ఆగకపోతే ఊరే భూమిలోకి దిగిపోయింది. మూడు అంతస్తుల సొరంగం, అట్టడుగుది ఇరవై మీటర్లకు పైనే. లోపల ఒక కుటుంబానికి దక్కింది మన పూజగది అంత గూడు. బావి ఉంది, ప్రసవాల గది ఉంది. పదిహేడు మంది పిల్లలు అక్కడే పుట్టారు. నాన్న వంగి వంగి నడుస్తూ ఆ గది ముందు ఆగి, బయట అలల చప్పుడు ఇక్కడిదాకా వినబడుతోందా అని చెవి పెట్టి చూశాడు. వినబడలేదు. పదమూడు ద్వారాల్లో ఏడు సముద్రం వైపే. ఒకదాంట్లోంచి బయటికొస్తే నేరుగా ఇసుక, ఎండ, పడవలు. వీళ్లు రాత్రిళ్లు ఆ పడవల్లోనే ఎదురుగా కాన్ కో దీవికి సరుకులు చేరవేసేవారు.

రెండో రోజు దక్షిణానికి. లాప్ ఆన్ ఉప్పుటేరులో పాత టైర్లు వేలాడదీసి గుల్లలు పెంచుతారు. అవి కాల్పించుకుని తిని హై వాన్ కనుమ ఎక్కాం. పేరుకి అర్థం సముద్రం, మబ్బు. ఇరవై ఒక్క కిలోమీటర్లు, 496 మీటర్ల ఎత్తు. 2005లో కింద సొరంగం తెరిచాక లారీలు అటు మళ్లాయి. పెట్రోలు ట్యాంకర్లని మాత్రం సొరంగంలోకి రానివ్వరు, అవీ మేమూ పైన మిగిలాం. ఎక్కుతున్నంతసేపూ మంచు, వైపర్లు. శిఖరం దాటగానే ఎండ. కొండకి అటొక ఋతువు, ఇటొకటి.

పైన 1826లో మిన్ మాంగ్ చక్రవర్తి కట్టించిన ఇటుకల ద్వారం ఉంది. దాని చుట్టూ ఫ్రెంచివాళ్ల బంకర్లు, వాటినే తర్వాత అమెరికన్లు వాడారు. ఫోటోకి ఎక్కడ బాగుంటుందా అని వెతుక్కుంటూ పోయి నిలబడ్డాను. పక్కనే కాంక్రీటులో తుపాకీ కంత. నేను ఫోను పెట్టిన వైపే, కింది అఖాతం వైపే, అదీ సరిగ్గా చూస్తోంది. విశాఖ బీచ్‌లో ఇసుక కోసుకుపోయినప్పుడు తేలే రెండో ప్రపంచ యుద్ధం నాటి బంకరు ఉంది కదా, దాని కంతా ఇంతే ఉంటుంది.

అక్కడే టీ తాగుతూ నాన్న తన గోడ కథ మొదలెట్టాడు. నేను ఫోనులో అనువాదం చేయించాను. డ్రైవర్ మర్యాదగా విని, తన ఫోనులో ఒక ఫోటో తీసి చూపించాడు. ఇంట్లో పెద్దల పీఠం. ఇద్దరు కుర్రాళ్లు, ఇద్దరూ యూనిఫారాల్లోనే, యూనిఫారాలు వేరు. ఒకరు మేనమామ, ఉత్తరం వైపు. ఒకరు చిన్నాన్న, దక్షిణం వైపు. 1968లో తెత్ అనే వాళ్ల కొత్త సంవత్సరం పండుగప్పుడు హ్యూలో దాదాపు నెల్లాళ్లు వీధి వీధినా పోరాటం. ఇద్దరూ ఆ నెలలోనే పోయారు. తద్దినాలు దగ్గర దగ్గర రోజుల్లో వస్తాయని, వాళ్లమ్మ ఒకే వంట చేసేదని చెప్పాడు.

నాన్న ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "మేనమామ పేరేటి?" అని అడిగాడు. తర్వాత, "చిన్నాన్న పేరు?" గోడ కథ మిగతాది చెప్పలేదు. తారో జాజో ఈసారీ తేలలేదు.

దిగువన డానాంగ్ అఖాతం. 1965 మార్చి 8న అమెరికా మెరైన్లు దిగిన ఒడ్డు అదే. ఆడపిల్లలు పూలదండలతో స్వాగతం చెప్పారు. "నేనప్పుడు తొమ్మిదో తరగతి" అన్నాడు నాన్న, ఎవరో అడిగినట్టు. పక్కనే నామ్ ఓ ఊరు. నెత్తళ్లు, ఉప్పు పీపాల్లో నెలల తరబడి మాగబెట్టి తీసే రసానికి పేరు. కారు దిగగానే ఎండుచేపల సంత వాసన. నాన్న ఒక సీసా కొన్నాడు. డ్రైవర్ ఇంకోటి కొని, "బాక్ ఇంటికి" అని చేతిలో పెట్టాడు.

విమానాశ్రయంలో చెక్-ఇన్ దగ్గర రెండూ కుదరవన్నారు, పగిలితే వాసన వదలదట. నాన్న వాదించలేదు. తను కొన్న సీసా కౌంటర్ మీద పెట్టేశాడు. రెండోది పక్కకి తీసుకెళ్లి, మూత తిప్పి, అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాకాడు.

"ఉప్పెక్కువ" అని మూత బిగించి, అదీ ఇచ్చేశాడు.