పాపతో కలిసి ఆ చెట్టెక్కాక

ఇంగ్లీషు పిల్లల రచయిత్రి ఎనిడ్ బ్లైటన్ రాసిన ‘ది ఎన్‌చాంటెడ్ వుడ్’ని పాపకి చదివి వినిపించే ముందు, అసలు అందులో ఏముందో చూద్దామని నేనొక్కదాన్నే చదివాను. 1939లో వచ్చిన పుస్తకం. సగానికి వచ్చేసరికి ఆవలింతలు మొదలయ్యాయి. ముగ్గురు పిల్లలు అడవిలోకి వెళ్తారు, అంతులేనంత ఎత్తున్న చెట్టెక్కుతారు, మబ్బులో ఉన్న కంతలోంచి పైలోకంలోకి దూరతారు, అక్కడ ఏదో చిక్కులో పడి ఎలాగో తప్పించుకుని ఇంటికొస్తారు. మళ్ళీ చెట్టు, మళ్ళీ ఇంకో లోకం. జో, బెస్సీ, ఫ్యానీల్లో ఎవరు మాట్లాడుతున్నారో పేరు చూస్తే గానీ తెలియదు.

సరే, ఎలాగూ కొన్నాం కదా అని రాత్రి పడుకునే ముందు ఒక్కో అధ్యాయం చదవడం మొదలుపెట్టాను. ఆ అడవిలో చెట్లు ‘విషా విషా విషా’ అని గుసగుసలాడుకుంటాయి. కళ్ళతో చదువుతుంటే అది పట్టనే పట్టదు. గొంతు తగ్గించి పైకి చదివేసరికి పాప దుప్పటి గడ్డం దాకా లాక్కుంది.

నాకు విసుగనిపించిన ఆ ‘మళ్ళీ మళ్ళీ’ కోసమే అది కాచుకుని ఉండేది. చెట్టెక్కుతుంటే కిటికీలోంచి తొంగిచూసిన వాళ్ళ మీద కోపిష్టి పిక్సీ (చిట్టి మాయామనిషి) సిరా విసురుతాడు. డేమ్ వాషలాట్ పొద్దస్తమానం బట్టలుతికి మురికినీళ్ళు కిందికి గుమ్మరిస్తుంది. తన పేరే తనకు గుర్తులేని పెద్దాయనొకడు కుర్చీలో గుర్రుపెడుతుంటాడు. ఓ రాత్రి నిద్రమత్తులో ఆ నీళ్ళ సంగతి దాటేశాను. “అమ్మా, వాషలాట్ ఇంకా రాలేదుగా!” అని పేజీ వెనక్కి తిప్పించింది.

బ్లైటన్ నేర్పంతా నా మటుకు నాకు ఒకే ఒక్క నియమంలో ఉందనిపించింది. చెట్టు కొసకి ఒక లోకం వచ్చి ఆగుతుంది, కొంతసేపటికి కదిలిపోయి ఇంకోటొస్తుంది. అది కదిలేలోగా దిగకపోతే అక్కడే ఇరుక్కుపోతారు. ఎప్పుడు కదులుతుందో ఎవరూ కచ్చితంగా చెప్పలేరు. ఇక రాక్షసుడెందుకు, ఆ టెన్షన్ చాలు! మంచులోకంలో జో ఒక్కడే చిక్కుకుపోయిన చోట అధ్యాయం అయిపోయింది కదా అని దీపం ఆర్పాను. పాప ససేమిరా పడుకోనంది. నిజానికి నాక్కూడా నిద్ర పట్టేలా లేదు, ముందే చదివినదాన్నయినా. లైటు వేసి తర్వాతి అధ్యాయం కూడా కానిచ్చాం.

మా ఇద్దరికీ బాగా నచ్చింది ఆ చెట్టు కొసనుండే చందమామ మొహపు మనిషి, మూన్‌ఫేస్ గది. గుండ్రటి గది, మధ్యలో కంత. దిండు మీద కూర్చుంటే కాండం లోపల గిరగిరా తిరుగుతూ జారి, అడుగునున్న తలుపులోంచి మెత్తటి నాచు మీద పడతారు. “మరి దిండ్లు పైకెలా వెళ్తాయి?” అనడిగింది పాప. నాకు తట్టని ప్రశ్న, బ్లైటన్‌కి తట్టింది. జెర్సీ తొడుక్కున్న ఉడుత వాటిని పోగేస్తుంది, మూన్‌ఫేస్ తాడేసి లాక్కుంటాడు. ఎంత మాయాలోకమైనా దిండ్ల లెక్క సరిపోవాల్సిందే.

మాది పాత ప్రతి. కొత్త ముద్రణల్లో బెస్సీని బెత్‌గా, ఫ్యానీని ఫ్రానీగా మార్చారు. పాప స్నేహితురాలి దగ్గర కొత్తది ఉండటంతో ఏ పేరు అసలుదో వాళ్ళిద్దరూ కొట్లాడుకున్నారు. ఏది దొరికితే అది కొనుక్కోండి, కథకేం లోటు లేదు. మీరొక్కరే కూర్చుని ఒక్క బిగిన చదవద్దని మాత్రం చెప్తాను.

ఇప్పుడు 1943లో వచ్చిన రెండో భాగం, ‘ది మ్యాజిక్ ఫారవే ట్రీ’లో ఉన్నాం. డిక్ అనే బంధువుల అబ్బాయి కొత్తగా వచ్చి చేరాడు. వాడికి చెట్టు సంగతులేవీ తెలియవు. పాప మాత్రం ఎక్కడ తల వంచుకోవాలో వాడికి ముందే చెప్పేస్తోంది.