టెల్మీసార్టన్ వేసుకుని బోండాం తాగొచ్చా?

ఎండలు ముదిరాయంటే పాలకొల్లులో మా మందుల షాపు దగ్గర ఈ ప్రశ్న మొదలవుతుంది. "అమ్మాయ్, బీపీ బిళ్ళ వేసుకుంటున్నాను కదా, బోండాం తాగొచ్చా?" కొబ్బరి తోటల మధ్య బతికేవాళ్ళు అడగాల్సిన ప్రశ్నే. నేను నోరు విప్పేలోపు పక్కన నిలబడ్డవాళ్ళు తీర్పిచ్చేస్తారు: "చలవండీ, శుభ్రంగా తాగండి." నేను మాత్రం చీటీ చూపించమంటాను. ఆమ్లోడిపిన్ అయితే ఒక మాట, టెల్మీసార్టన్ అయితే ఇంకో మాట. ఎందుకో విడమరిచి చెప్పే తీరిక కౌంటర్ దగ్గర దొరకదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

బీపీ అనగానే మనవాళ్ళ చెయ్యి గుండె మీదకి పోతుంది. కిడ్నీల సంగతి ఎవరికీ గుర్తు రాదు. 1898లో స్టాక్‌హోమ్‌లో టిగర్‌స్టెట్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు కుందేలు కిడ్నీల నుంచి తీసిన సారాన్ని వేరే కుందేళ్ళకి ఎక్కించి చూస్తే వాటి రక్తపోటు పెరిగింది. ఆ సారంలో ఉన్నదానికి రెనిన్ అని పేరు పెట్టారు. కిడ్నీకి రక్తం చాలకపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా, మెదడు నుంచి నరాలు పురమాయించినా రెనిన్ బయటికొస్తుంది. లివర్ తయారుచేసే ఒక ప్రొటీన్ నుంచి అది చిన్న ముక్క తెంపుతుంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఉండే ఎంజైమ్ ఆ ముక్కని ఇంకాస్త కత్తిరిస్తుంది. చివరికి తేలేది ఆంజియోటెన్సిన్ 2. ఎనిమిదంటే ఎనిమిది అమైనో ఆమ్లాలు, అంతే. ఇంత హడావుడి చేసేది అదే.

అది రక్తనాళాల్ని బిగిస్తుంది. కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి చేత ఆల్డోస్టిరాన్ అనే హార్మోన్ వదిలిస్తుంది, దాంతో కిడ్నీలు సోడియాన్ని దాచుకుని పొటాషియాన్ని మూత్రంలోకి పంపేస్తాయి. ఇక మూడో పని మెదడులో, నాకు అన్నిటికంటే వింతగా తోచేది అదే. రక్తంలో తిరిగే ప్రతి హార్మోనూ మెదడులోకి జొరబడలేదు, మధ్యలో గట్టి అడ్డు ఉంది. కానీ కొన్ని చోట్ల ఆ అడ్డు ఉండదు. అలాంటి చోటు ఒకటి, సబ్‌ఫోర్నికల్ ఆర్గాన్ అంటారు. ఆంజియోటెన్సిన్ అక్కడ తగిలిందంటే దాహం వేస్తుంది, నీళ్ళు బయటికి పోనివ్వని వాసోప్రెసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, సింపథెటిక్ నరాలు (కంగారులో గుండెని దడదడలాడించేవి) జోరందుకుంటాయి. దాళ్వా (రెండో పంట వరి) కోతలప్పుడు చెమటోడ్చి వచ్చినవాడు చెంబెడు నీళ్ళు గటగటా తాగాడంటే అందులో దీని చెయ్యి కూడా ఉంది. ఉప్పుచేప తిన్న రాత్రి వేసే దాహం మాత్రం వేరే దారిన వస్తుంది. రక్తంలో ఉప్పు ఎక్కువైందని మెదడులోని కణాలే నేరుగా పసిగడతాయి, దానికి రెనిన్ అక్కర్లేదు.

సరే, బోండాం. ఆంజియోటెన్సిన్ వచ్చి అతుక్కోవాల్సిన చోటుని టెల్మీసార్టన్ ముందే పట్టేసుకుంటుంది. నాళాలు వదులవుతాయి, బీపీ దిగుతుంది. ఆల్డోస్టిరాన్ కూడా తగ్గుతుంది కాబట్టి కిడ్నీలు పొటాషియాన్ని మునుపటంతగా బయటికి పంపవు. కొబ్బరినీళ్ళలో ఉన్నదేమో పొటాషియమే, పెద్ద గ్లాసుడులో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాములు. కిడ్నీలు బాగున్నవాళ్ళు ఎప్పుడైనా ఒక బోండాం తాగితే భయమేమీ లేదు. ఏళ్ళ తరబడి షుగరున్నవాళ్ళు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షలో పెరిగినవాళ్ళు, తోడుగా పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపే స్పైరనోలాక్టోన్ బిళ్ళ కూడా వాడేవాళ్ళు మాత్రం పొటాషియం పరీక్ష చేయించుకుని డాక్టరుగార్ని అడిగాకే తాగాలి. పొటాషియం మరీ ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది, అదీ ముందుగా ఏ సూచనా లేకుండా. ఉప్పుకి బదులుగా అమ్మే 'లో సోడియం' ఉప్పుల్లోనూ పొటాషియమే కలుపుతారు, ఆ పాకెట్ వెనకవైపు కూడా చదవండి. ఆమ్లోడిపిన్ దారి వేరు. అది నాళాల కండరంలోకి కాల్షియం పోకుండా ఆపుతుంది, పొటాషియం జోలికి రాదు.

"ఉప్పు మానేశానండీ, అయినా తగ్గట్లేదు" అనేవాళ్ళలో రొయ్యల చెరువుల వాళ్ళు ఎక్కువ. రాత్రి కరెంటు పోతే చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగుతాయి, జనరేటర్ అందుకునేలోపు రొయ్య పైకి తేలుతుందేమోనని ప్రాణం అరచేతిలో ఉంటుంది. మామూలుగా నిద్రలో బీపీ పగటికంటే పది నుంచి ఇరవై శాతం దిగాలి. చెరువు గట్టు మీద తెల్లార్లూ మేలుకుంటే ఎక్కడ దిగుతుంది? మెడలో, గుండె పైనున్న పెద్ద ధమనిలో ఒత్తిడిని కనిపెట్టే నరాల కొనలుంటాయి. మెడలో ఉన్నవాటి మీద పనిచేసిన హేమాన్స్‌కి 1938 నోబెల్ బహుమతి వచ్చింది. ఒత్తిడి పెరిగిందని అవి మెదడుకి కబురు పెడితే మెదడు గుండెని నెమ్మది చేస్తుంది. కానీ ఎప్పుడూ నిండుగా పారే కాలువని చూసీ చూసీ అదే మామూలు మట్టం అనుకునే లస్కరులాగ (కాలువ కాపలాదారు), బీపీ రోజుల తరబడి ఎక్కువగానే ఉంటే అవి దానికే అలవాటు పడిపోతాయి. తలనొప్పి లేదు కాబట్టి బీపీ లేదనుకునేవాళ్ళతో నా పోట్లాట ఇందుకే.

ఇక పొట్ట. కొవ్వంటే ఊరికే పేరుకున్న సరుకు కాదు, అది కూడా హార్మోన్లు వదులుతుంది. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుకల్లో కనిపెట్టిన లెప్టిన్ అలాంటిదే. నిల్వలు చాలు, తిండి తగ్గించు, ఖర్చు పెంచు అని మెదడు అడుగున ఆకలిని చూసుకునే హైపోథాలమస్‌కి చెబుతుంది. (ఆ ఖర్చుకి మారకం ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం వాడుకునే పదార్థం. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి 1929లో దాన్ని వెలికితీసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మా పక్క భీమవరంలో పుట్టినవారే. మాకు ఆ మాత్రం గొప్ప ఉండదా!) ఖర్చు పెంచమనే ఆజ్ఞ సింపథెటిక్ నరాల మీదుగా పోతుంది. అవే నరాలు కిడ్నీలకీ వెళ్తాయి, అక్కడ రెనిన్ వదిలిస్తాయి. లావెక్కిన ఎలుకల్లో పరిశోధకులు ఒక తిరకాసు చూశారు: ఆకలి తగ్గించమనే మాటని మెదడు వినడం మానేసినా, కిడ్నీ నరాల్ని ఎగదోసే పని మాత్రం సాగుతూనే ఉంది. అంటే నష్టం రెండువైపులా. పొట్ట తగ్గితే బీపీ కూడా తగ్గడానికి ఒక కారణం ఇది. కాజాల పొట్లం ఊపుకుంటూ వచ్చి బిళ్ళలు అడిగే మావయ్యగార్లకి ఈ పేరా ప్రత్యేకం.

ఎండాకాలం కాబట్టి ఇంకొక్కటి. వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు పోయినప్పుడు బీపీ పడిపోకుండా నిలబెట్టేది ఈ ఆంజియోటెన్సినే. ఆ రోజు కూడా టెల్మీసార్టన్ వేసుకుంటే బీపీ మరీ దిగిపోయి కిడ్నీల మీద దెబ్బ పడొచ్చు. బిళ్ళ వేసుకోవాలా, ఆపాలా అని ముందు డాక్టరుగారికి ఫోన్ చేసి కనుక్కోండి. ఓఆర్ఎస్ పాకెట్‌కి పిల్లాణ్ణి షాపుకి పంపేటప్పుడు మీరు వాడే బీపీ బిళ్ళ అట్ట కూడా వాడి చేతికివ్వండి.